విషయసూచిక, హెడర్: ఒక విమర్శ

మీ ప్రాజెక్టు నివేదిక చేతికి రాగానే పరీక్షకులు ముందుగా చూసేది మొదటి అధ్యాయాన్ని కాదు, విషయసూచికను. అందులో 'సేకరించిన సమాచారం, పుట 41' అని ఉండి, 41వ పుటలో మరేదో కనిపిస్తే మీ శ్రద్ధ మీద వారికి అక్కడే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. రోజూ కళాశాలకు వెళ్ళే విద్యార్థి అయితే ఎదురుగా నిలబడి "అది 44లో ఉందండీ" అని చెప్పుకోగలడు. దూరవిద్యలో మీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే. కనుక విషయసూచికను, ప్రతి పుట పైభాగాన కనిపించే హెడర్‌ను అలంకారాలుగా కాక, రచనలో భాగంగానే పరిశీలించాలి.

మన ప్రాచీన కావ్యాలను గమనించండి. ఆశ్వాసం చివర వచ్చే గద్యలో కవి పేరు, కావ్యం పేరు, అది ఎన్నో ఆశ్వాసమో ఉంటాయి. తాళపత్రాల కట్ట చెదిరినా ఏ భాగం ఎక్కడిదో పోల్చుకోవడానికి అదొక ఆధారం. అచ్చు పుస్తకాలు వచ్చాక ఆ గుర్తింపు చాలావరకు పుట పైకి చేరింది: ఒకవైపు గ్రంథం పేరు, మరొకవైపు ఆశ్వాసం పేరు. చదివేవారికి తాము ఎక్కడ ఉన్నారో తెలపడమే హెడర్ పని. ఈ కొలతతో చూస్తే విద్యార్థుల నివేదికలలో ఎక్కువ హెడర్లు నిలబడవు. నివేదిక పూర్తి పేరు, విద్యార్థి పేరు, అధ్యయన కేంద్రం పేరు, కొన్నిసార్లు కింద ఒక రంగు గీత కూడా ఉంటాయి. 90 పుటలుంటే 90 సార్లూ అవే. అధ్యాయం పేరు మాత్రం ఉండదు.

ఇందులో తప్పంతా విద్యార్థిది కాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అధ్యాయానికొక హెడర్ కావాలంటే ముందు సెక్షన్ బ్రేక్ పెట్టాలి. కొత్త సెక్షన్ పాత హెడర్‌నే తెచ్చుకుంటుంది. 'లింక్ టు ప్రీవియస్' అనే మీటను ఆపకుండా రెండో అధ్యాయం పేరు టైపు చేస్తే మొదటి అధ్యాయం హెడర్ కూడా మారిపోతుంది. ఈ సంగతి తెరమీద ఒక చిన్న అక్షరాల పట్టీ మాత్రమే చెబుతుంది. దీనికంటే మేలైన దారి 'స్టైల్‌రెఫ్' అనే ఫీల్డు. అధ్యాయం పేరుకు మీరు 'హెడింగ్ 1' స్టైల్ ఇచ్చి ఉంటే ఆ పేరును అదే వెతికి హెడర్‌లోకి తెస్తుంది. సెక్షన్లతో పని లేదు. ఇంత ఉపయోగపడే సాధనాన్ని ఇన్సర్ట్ ట్యాబులో, క్విక్ పార్ట్స్ వెనుక దాచి ఉంచడం నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

విషయసూచికకూ ఆధారం ఆ హెడింగ్ స్టైళ్ళే. అక్షరాలను పెద్దవిగా, లావుగా చేసినంత మాత్రాన అది శీర్షిక అని వర్డ్‌కు తెలియదు. స్టైల్ ఇస్తేనే రిఫరెన్సెస్ ట్యాబులోని టేబుల్ ఆఫ్ కంటెంట్స్ దాన్ని పోగుచేస్తుంది. చుక్కలు కొట్టుకుంటూ చేత్తో తయారుచేసిన పట్టిక, మధ్యలో ఒక్క పేరా చేరినా అబద్ధమవుతుంది. అయితే వర్డ్ తయారుచేసిన పట్టిక కూడా దానంతట అది మారదు. మీరు అప్‌డేట్ చేసిన క్షణాన ఉన్న స్థితినే చూపుతుంది. అప్‌డేట్‌లోనూ రెండు దారులున్నాయి. పుట సంఖ్యలు మాత్రమే మార్చే మొదటి దారిని ఎంచుకుంటే, మీరు సవరించిన శీర్షిక పట్టికలో పాత రూపంలోనే ఉండిపోతుంది. ఎప్పుడూ పట్టిక మొత్తాన్ని మార్చే రెండో దారినే ఎంచుకోండి.

తెలుగులో రాసేవారికి మరొక చిక్కుంది. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో, కనిపించే తెలుగు అక్షరాల వెనుక ఉండేవి వేరే సంకేతాలు. హెడింగ్ స్టైల్‌కు ఆ ఫాంటు పెట్టి, పట్టిక స్టైల్‌కు పెట్టకపోతే విషయసూచికలో అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో రాస్తే ఈ బాధ ఉండదు.

ఇక యంత్రం చేయలేనిది శీర్షిక రాయడం. 'పరిచయం, విశ్లేషణ, ముగింపు' అన్న విషయసూచిక ఎంత చక్కగా అమరినా ఏ నివేదికకైనా సరిపోతుంది. అంటే మీ నివేదిక గురించి అది ఏమీ చెప్పడం లేదు. 'విశ్లేషణ' అనే చోట 'కౌలు రైతులకు అందని బ్యాంకు రుణం' అని ఉంటే, పరీక్షకులు మీ వాదన దిశను పట్టికలోనే గ్రహిస్తారు. మరీ పొడవుగా రాయకండి. స్టైల్‌రెఫ్ శీర్షిక మొత్తాన్నీ పుట పైకి తెస్తుంది కనుక అది రెండో వరుసలోకి జారుతుంది.

పీడీఎఫ్‌గా మార్చే ముందు కంట్రోల్, ఏ నొక్కి మొత్తం ఎంపిక చేసి, ఎఫ్9 నొక్కండి. ఆ ఎంపికలోకి హెడర్లు రావు. వాటిని ప్రింట్ ప్రివ్యూలో పుటవారీగా కళ్ళతోనే చూసుకోవాలి.