స్కాన్ గదిలో పనితనం

పక్షవాతం వచ్చిన మనిషికి ముందు తేలాల్సింది ఒక్కటే: మెదడులో రక్తనాళం పూడిందా, చిట్లిందా? పైకి రెండూ ఒకటే, మూతి వంకర, చెయ్యి పడిపోవడం. వైద్యాలు మాత్రం పూర్తిగా వేరు. తేల్చేది సీటీ స్కాన్. 1971లో లండన్‌లో తొలి రోగికి తీసిన ఈ స్కాన్ ఇప్పుడు మైపాడు, కృష్ణపట్నం మత్స్యకారులకు నెల్లూరులోనే దొరుకుతోంది. చిట్లితే కారిన రక్తం తెల్లగా కనబడుతుంది. పూడికైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే పడాలి. అంత తొందరలోనూ చెయ్యి వణకని టెక్నీషియన్ నిజంగా గొప్ప పనివాడు. మాట పోయి బెదిరిన మనిషి తలను తిన్నగా సర్ది, పట్టీ వేసి, కదలనివ్వకుండా చూస్తాడు; కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అదే ఎమ్మారై స్కాన్‌కైతే మెట్టెలు, మొలతాడు తాయెత్తు, ఏ లోహమూ ఒంటిమీద ఉండకూడదు. తాళి తీయడానికి జంకే ఇల్లాలికి ఓపిగ్గా నచ్చజెప్పి, పసుపుకొమ్ము దారం కట్టించి లోపలికి పంపడం కూడా ఆ పనిలో భాగమే.