వెళ్లిందెంత, వచ్చిందెంత

గర్భసంచిలోని ఫైబ్రాయిడ్‌ను పొట్ట కోయకుండా, హిస్టెరోస్కోప్‌తో కింది నుంచే తీసేస్తుంటే థియేటర్లో అందరి చూపూ తెర మీదే ఉంటుంది. నేను మాత్రం నీళ్ల లెక్క రాసే సిస్టర్‌ను చూడమంటాను. ఆ ఆపరేషన్‌లో సగం పనితనం ఆమెదే.

గర్భసంచి గోడలు మామూలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని విడదీసి చోటు చేయడానికి ఆపకుండా ద్రవం ఎక్కిస్తారు. గడ్డను చెక్కేటప్పుడు రక్తనాళాలు తెగి, ఆ ద్రవం కొంత ఒంట్లోకి చేరుతుంది. అందుకే ఒత్తిడిని లోపల కనబడేందుకు సరిపోయేంత వరకే, రోగి సగటు రక్తపోటుకు దిగువనే ఉంచుతారు.

ఎక్కించిన దాంట్లోంచి తిరిగొచ్చింది తీసేస్తే మిగిలేది తేడా. వినడానికి చిన్న తీసివేతే. కానీ నీరు స్కోప్ గొట్టంలోంచి కొంత, పిరుదుల కింద పరిచిన షీటు సంచిలోకి కొంత, నేల మీదికి కొంత వస్తుంది. నేల మీద పడిందీ లెక్కే. పైగా 3 లీటర్లని అచ్చేసిన సంచిలో అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ అంకెను నమ్ముకుంటే తేడా ఉన్నదానికన్నా తక్కువ కనబడుతుంది. తూకం వేసి చూసుకోవడం ఇందుకే. తూకంతోనే లెక్క కట్టే యంత్రాలూ వచ్చాయి. అవి లేనిచోట సిస్టర్ కొద్ది నిమిషాలకోసారి "తేడా ఆరొందలు, మేడమ్" అని పైకి చెబుతుంది. డాక్టర్ తెర మీంచి చూపు తిప్పకుండానే "ఆరొందలు" అని తిరిగి పలుకుతుంది. ఆ పలకడంలో ఎంత జాగ్రత్త ఉందో!

మోనోపోలార్ కరెంటుతో కోస్తే సెలైన్ పనికిరాదు, గ్లైసిన్ లాంటి ఉప్పులేని ద్రవం కావాలి. అది లీటరు ఒంట్లో చేరితే రక్తంలో సోడియం లీటరుకు సుమారు 10 మిల్లీమోల్ పడిపోతుంది, మెదడు వాచే ప్రమాదం వస్తుంది. బ్రిటన్, యూరప్ వైద్య సంఘాల 2016 మార్గదర్శకాలు ఆరోగ్యవంతురాలికి ఇలాంటి ద్రవమైతే 1000 మి.లీ., బైపోలార్‌తో వాడే సెలైన్ అయితే 2500 మి.లీ. తేడాను హద్దుగా పెట్టాయి. వయసు పైబడినవాళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఇంకా తక్కువ. సెలైనే కదా అని ధీమా పడకూడదు. సోడియం నిలకడగా ఉన్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. పూర్తి మత్తులో ఉన్న మనిషి తలనొప్పనీ, వికారమనీ చెప్పలేదు కూడా.

గడ్డ ఇంకా కాస్త మిగిలి ఉండగానే తేడా హద్దుకు చేరిందనుకోండి. సిస్టర్ అంకె చెబుతుంది. చేతిలో పని ఎంత ఊపుమీదున్నా మంచి సర్జన్ అక్కడితో ఆపి స్కోప్ బయటికి తీసేస్తుంది. మత్తు డాక్టర్ సోడియం పరీక్షకు రక్తం పంపుతారు. మిగిలిన ముక్క సంగతి మరో సిట్టింగ్‌లో చూస్తారు.