లోపలి నుంచి బయటికి కట్టిన వాస్తుశిల్పి

ఫిన్లాండ్‌లోని టాంపెరె నగరం 1906లో కొత్త అగ్నిమాపక కేంద్రానికి నమూనాల పోటీ పెట్టింది. ఇలాంటి పోటీల్లో ప్లాన్ల మీద మారుపేరే ఉంటుంది, అసలు పేరు మూసిన కవరులో ఉంటుంది. న్యాయనిర్ణేతల ముందుండేది గీసిన గీతలే. అలా గెలిచిన ప్లాను అదే ఊళ్లో పుట్టిన మహిళా వాస్తుశిల్పి వివి లోన్‌ది. ఆ దేశపు స్త్రీలకు ఓటుహక్కు వచ్చిందీ ఆ ఏడాదే.

1872లో పుట్టిన వివి ముందు టాంపెరె పారిశ్రామిక పాఠశాలలో భవన నిర్మాణం నేర్చుకుంది. తర్వాత 1893లో హెల్సింకీ పాలిటెక్నిక్‌లో చేరింది. అప్పట్లో స్త్రీలకు అక్కడ ప్రత్యేక అనుమతి ఉంటేనే ప్రవేశం. ఆ దారిలో సిగ్నె హోర్న్‌బోర్గ్ 1890లోనే వాస్తుశిల్పి పట్టా అందుకుంది. వివి ఇంకో అడుగు వేసి, దేశంలో సొంత కార్యాలయం నడిపిన తొలి మహిళా వాస్తుశిల్పిగా నిలిచింది.

ఆమె ఎక్కువగా కట్టినవి బడులు, ముప్పైకి పైనే. చదువయ్యాక బ్రిటన్ వంటి దేశాలు తిరిగి అక్కడి బడి భవనాలను పరిశీలించింది. టాంపెరె ఫిన్నిష్ బాలికల పాఠశాల 1902లో పూర్తయింది. ఫిన్లాండ్ లాంటి చలిదేశపు బడికి తరగతి గదులు ఒక్కటే చాలవు. టాంపెరెలో నడి చలికాలంలో పగలు ఐదున్నర గంటలకు మించదు. ఆ కాస్త వెలుతురూ వృథా కాకూడదు. రాసే చేతి నీడ పుస్తకం మీద పడకుండా వెలుగు ఎడమవైపు నుంచి రావాలి. మంచులో తడిసిన కోట్లకు, బూట్లకు చోటుండాలి. విరామంలో పిల్లలు ఒక్కసారిగా బయటపడితే మెట్ల దగ్గర తొక్కిసలాట జరగకూడదు. ఇవన్నీ నేల ప్లానులోనే తేలాలి, గోడ లేచాక సరిదిద్దలేం.

అగ్నిమాపక కేంద్రం లెక్క మరొకటి. అది గుర్రపు బండ్ల కాలం. గంట మోగగానే మనుషులు, గుర్రాలు, బండ్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా వీధిలోకి దూసుకుపోవాలి. 1908లో పూర్తయిన ఆ భవనానికి యుగెండ్ అనే ఆనాటి అలంకార శైలి అందం ఉంది. అయితే ఆ అందం పనికి అడ్డు రాలేదు. వందేళ్లు దాటాక కూడా అది అగ్నిమాపక దళానికే ఉపయోగపడింది.

మరో వాస్తుశిల్పి అర్మాస్ లిండ్‌గ్రెన్‌తో కలిసి ఆమె రూపొందించిన ఎస్టోనియా థియేటర్ 1913లో టాలిన్ నగరంలో తెరుచుకుంది. ప్రజలు చందాలు పోగుచేసి కట్టించుకున్న ఆ భవనంలో నాటకశాల ఒకవైపు, సంగీతశాల మరోవైపు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 బాంబుదాడిలో దెబ్బతిన్నా మళ్లీ నిలబెట్టుకున్నారు.

వివి 1911లో యువాస్కులా పట్టణానికి మారి, తన స్నేహితురాలైన పారిశ్రామికవేత్త హన్నా పార్వియాయినెన్ కుటుంబ సంస్థల కోసం కూడా పనిచేసింది. 1956లో ప్రొఫెసర్ బిరుదు అందుకుంది. 1966లో, 94వ ఏట కన్నుమూసింది.

తొలి మహిళ అన్న మాట దగ్గరే ఆగిపోతే వివి లోన్‌కు అన్యాయం చేసినట్టే. ఆమె విలువ ప్లానులో ఉంది. అక్కడ చదివే పిల్లకు, పరుగెత్తే మనిషికి, పాట వినడానికి వచ్చినవారికి ఏం కావాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే గోడల అందం చూసుకుంది. మన ఊళ్లో బడి కట్టినా, ఆసుపత్రి కట్టినా ముఖద్వారం బొమ్మ కన్నా ముందు అడిగి చూడవలసింది నేల ప్లానునే.