సత్రం, తిన్నె, అపార్ట్‌మెంట్

ఒట్టన్‌చత్రం పేరులోని చివరి మాట మన 'సత్రం'. సంస్కృత శబ్దం ఒకటే. తెలుగులో సత్రం అయింది, తమిళంలో చత్తిరం అయింది. దిండుక్కల్ నుండి పళని వెళ్లే దారిలో, కూరగాయల సంతకు పేరుపొందిన ఈ ఊరి చుట్టుపట్ల తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మధుర నాయకుల పాలన 1736లో ముగిసింది. పాలన పోయినా భాష పోలేదు. చాలామందికి లిపి రాకపోయినా, ఇంట్లో విని నేర్చుకోవడం వల్లనే అది నిలిచింది. కనుక ఇల్లు మారితే భాష ఏమవుతుందన్నది ఇక్కడ తప్పక అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న కోయంబత్తూరులో మరింత స్పష్టంగా ఎదురవుతుంది. పాపనాయకన్‌పాళయం, పీళమేడు పాత తెలుగు నివాసాలు. 1910లో లక్ష్మీ మిల్లు, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ ఇక్కడి తెలుగు కుటుంబాల చేతుల మీదుగా వెలిశాయి. నేడు ఆ అవినాశి రోడ్డు వెంబడే ఖరీదైన అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇటువంటి భవనాల ప్రకటనలను ఒక రచనగా చదివి చూడండి. పేట పాతదనీ, ఇరుగుపొరుగు పరువైనదనీ మొదట చెబుతాయి. ఆ వెంటనే గేటు, కాపలా, ఏకాంతం అంటూ ఆ ఇరుగుపొరుగు నుండే రక్షణ ఇస్తామంటాయి. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు.

'అపార్ట్‌మెంట్' అనే మాట, వేరుచేయడమనే అర్థంగల ఇటాలియన్ మాట నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మన తిన్నె పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. తమిళంలో తిణ్ణై, తెలుగులో తిన్నె: రెండూ సజాతీయ పదాలే. తిన్నె ఇంటికీ చెందుతుంది, వీధికీ చెందుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవారికి ఆ రెండు భాషలూ కలిసే చోటు అదే.

కి. రాజనారాయణన్ (1923–2021) తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' (1976) నవలను ఈ దృష్టితో చదవవచ్చు. పాలకుడి కంటబడిన చెన్నాదేవిని కాపాడుకోవడానికి తెలుగు నేల విడిచివచ్చినవారి కథ అది. ఆ కథను చెప్పేది మంగత్తాయారు అనే ముసలవ్వ. ఆమె చుట్టూ వినే పిల్లలూ పెద్దలూ ఉండబట్టి వలస కథ మిగిలింది. కోట్టైయార్ ఇల్లు ఆ నవలలో కేవలం నేపథ్యం కాదు. కథ చెప్పడానికి వీలు కల్పించిన ఏర్పాటు. ఈ నవలకు కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్' 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది.

అయితే పాత ఇంటిని పొగిడి ఊరుకోవడం విమర్శ కాదు. తిన్నె మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు వీధిలోనే నిలబడాలి అన్నది కులం నిర్ణయించింది. బావి నీళ్లు తోడి, పొగలో వండి ఆ ఇంటిని నడిపింది కోడళ్లు. కుళాయి, గ్యాసు, లిఫ్టు ఉన్న ఇంటిని వారు కోరుకుంటే తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆక్షేపణ సౌకర్యం మీద కాదు. సౌకర్యంతోపాటు అవ్వ ఊళ్లో ఉండిపోవడం, మనవలకు ఆమె మాట ఫోనులో మాత్రమే వినిపించడం మీద.

బడి ఈ లోటును తీర్చే స్థితిలో లేదు. 2006లో తమిళనాడు చేసిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడం మనకు నష్టం కాదు. కాని తెలుగు భారం మరింతగా ఇంటి మీద పడింది. ఆ ఇల్లు, నాలుగు గదులున్నా, ముగ్గురే మాట్లాడుకునే చోటైతే భాష సత్రంలో బాటసారిలా ఒక రాత్రి ఉండి వెళ్లిపోతుంది.

తెలుగు నేలకు వెలుపల చదువుతున్న విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సెలవుల్లో మీ అవ్వను ఇంటి భాగాల పేర్లు అడగండి. వాకిలి, నడవ, అటక, పెరడు, దొడ్డి: ఏ మాట ఆమె వాడుతుంది, ఏది తమిళం నుండి తీసుకుంది, ఎలా పలుకుతుంది అన్నది రాసుకోండి. లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాయండి. తర్వాత ఆ మాటల్లో మీ ఫ్లాట్‌లో దేనికి చోటుందో గుర్తు పెట్టండి. మిగిలిన జాబితా మీ తరం పోగొట్టుకోబోతున్నదాని తొలి లెక్క.