ప్రెస్సు కత్తిరించిన అవతారిక

ఒక ఆడపిల్ల కళాకారిణిగా ఎలా తయారైందో చెప్పే నవల తెలుగులో ఏదని అడిగితే చప్పున పేరు తోచదు. కుర్రాడు రచయితగా మారిన తీరును జేమ్స్ జాయిస్ 1916లో నవల చేశాడు. అలాంటి స్త్రీ కథ కోసం మనవాళ్లు నవలల బీరువా తిరగేసి, లేదని తేల్చేస్తారు. నన్నడిగితే వెతికిన చోటే తప్పు. మన దగ్గర ఆ కథ కావ్యం మొదట్లో, అవతారికలో ఉంది. ఇష్టదేవతా స్తుతి, గురుస్తుతి, వంశవర్ణన, అంకితం అని దానికో వరస ఉంది. ఆ వరసలోనే ఆడవాళ్లు తమ సంగతి చెప్పుకున్నారు. కవయిత్రి మొల్ల తనకు శాస్త్రాలేవీ రావంటుంది. అంటూనే, చదవగానే అర్థం కాని కవిత్వం ఎందుకని పండితులకే చురక వేస్తుంది. ఏమీ రానివాళ్లు వేసే చురక కాదది.

ముద్దుపళని దగ్గర ఆ వినయం కూడా ఉండదు. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో, 18వ శతాబ్దంలో, ‘రాధికాసాంత్వనం’ రాసిన సాని ఆమె. అవతారికలో అమ్మమ్మల, అత్తల వరస ఎత్తుకుంటుంది. తాను తంజనాయకి మనుమరాలినని చెబుతుంది. పండితులకు కానుకలిచ్చానని, తనకు కావ్యాలు అంకితమిచ్చారని దాచుకోకుండా రాస్తుంది. వంశస్తుతి ప్రతి కవీ చేసేదే కదా, ఇందులో ఎదుగుదల ఎక్కడుందని అడగవచ్చు. నిజమే, చట్రం అందరిదీ. కానీ మగకవులు తాతతండ్రులను నిలబెట్టే చోట ఈమె చదువూ సంగీతమూ తెలిసిన ఆడవాళ్లను నిలబెట్టింది. విద్య ఎవరి చేతి మీదుగా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. ఇక ఎదుగుదల కావ్యంలోని కథలో కూడా ఉంది. రాధ తాను పెంచిన ఇళను స్వయంగా అలంకరించి కృష్ణుడి పడకగదికి పంపుతుంది. ఎలా మెలగాలో ఇద్దరికీ చెప్పి బయటికి వస్తుంది, వచ్చాక తట్టుకోలేకపోతుంది. పెద్ద సాని చిన్నదాన్ని తయారుచేసి తన స్థానం అప్పగించడంలోని గర్వమూ బాధా ఇంత దగ్గరగా చూపిన రచన నాకు మరొకటి కనబడదు.

ఈ చదువు సానికులానికే దక్కింది, ఇంటి ఆడవాళ్లకు కాదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ కావ్యం బూతు అన్న మాటకు ఉంది. 1887లో పైడిపాటి వెంకటనరసు వేసిన అచ్చులో కొన్ని పద్యాలతో పాటు, వంశం చెప్పే ఆ అవతారికా పోయింది. అందులో శృంగారం ఏముందని? ఒక ఆడమనిషి తన విద్యకు చిరునామా చెప్పుకోవడమే గదా! కందుకూరి వీరేశలింగం కావ్యాన్నీ కవయిత్రినీ కలిపి తిట్టారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠం సంపాదించి 1910లో వావిళ్ల వారి చేత వేయిస్తూ, సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని నిలదీశారు. 1911లో ప్రభుత్వం ప్రతులు జప్తు చేసి, కావ్యాన్ని నిషేధించింది. 1947లో మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్న ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తేశారు.

ఈ తగవును మళ్లీ లేపింది హైదరాబాదే. ఉస్మానియా ఆవరణలో ఇప్పటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), అప్పటి సీఫెల్ ఉంది. అక్కడ పాఠాలు చెప్పిన సూసీ తారు, కె. లలితతో కలిసి 1991లో భారతీయ స్త్రీల రచనల సంకలనం తెచ్చారు. దాని పీఠికలో ముద్దుపళనికి పెద్దపీట వేశారు. ఇప్పుడు ‘రాధికాసాంత్వనం’ కొనేవాళ్లు రాధ దగ్గరికి వెళ్లేముందు మొదటి పుటలు తిప్పి, తంజనాయకి పేరుందో లేదో చూసుకోవాలి.