మూడు మాటల వాక్యం మీద ఒక సమీక్ష

పుస్తకాల గురించి మాట్లాడుకునే చోటికి ఒకే ఒక్క వాక్యాన్ని సమీక్షకి తెచ్చాను. ఆ వాక్యం ఇదీ: ‘కంపెనీ డాక్యుమెంట్లన్నిటిలో వెతుకుతుంది.’ రాసింది నేనే. ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్ళే తొందరలో.

దీని పాఠకుడు మనిషి కాదు. మా ఆఫీసులో ఉద్యోగుల ప్రశ్నలకి జవాబులిచ్చే ఏఐ ఏజెంట్ ఒకటుంది. దానికి మా ఫైళ్ళు నేరుగా కనపడవు. వెతకడానికి ఒక టూల్ ఇచ్చాం. 2024 నవంబర్‌లో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ప్రతి టూల్‌కీ ఒక పేరు, మామూలు భాషలో ఒక వివరణ, ఏయే ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే ఒక స్కీమా ఉంటాయి. లోపల కోడ్ ఎంత గొప్పగా రాసినా మోడల్ దాన్ని చూడదు. ఏ టూల్ ఎప్పుడు వాడాలో వీటిని చూసే తేల్చుకుంటుంది. అంటే ఈ పాఠకుడికి పుస్తకం ఇవ్వలేదు, వెనక అట్ట మాత్రమే ఇచ్చాం.

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకతని భార్యకి అప్పుడు ఎనిమిదో నెల. తండ్రులకి సెలవు ఉంటుందా అని ఏజెంట్‌ని అడిగాడు. అలాంటి పాలసీ లేదని అది ఏ తడబాటూ లేకుండా చెప్పింది. అతను నమ్మాడు. రెండు రోజులు సొంత సెలవు పెట్టుకుని, మూడో రోజు లాప్‌టాప్ తెరిచాడు. పాలసీ ఉంది. స్కాన్ చేసిన ఒక పీడీఎఫ్‌లో ఉంది. మా టూల్‌కి స్కాన్ కాగితాలు చదవడం రాదు.

కోడ్‌లో బగ్ అని మొదట నేనూ అన్నాను. కాదు. కోడ్ తన పని తను చేసింది. ప్రశ్నకి దగ్గరగా అనిపించిన అయిదు ముక్కలు తెచ్చింది: ప్రసూతి సెలవు, జబ్బు సెలవు, పండగల జాబితా, ఇలాంటివి. తండ్రుల మాట వాటిలో లేదు. అన్ని డాక్యుమెంట్లూ వెతికాక కూడా కనపడలేదంటే అది లేనట్టే కదా? మోడల్ తర్కంలో పెద్ద తప్పు లేదు. ‘దొరకలేదు’ని ‘లేదు’గా మార్చింది నా వాక్యం.

మాట మాటగా చదువుదాం. ‘కంపెనీ’ అన్నాను, నిజానికి టూల్ చూసేది హెచ్చార్, ఐటీ ఫోల్డర్లు రెండే. ‘డాక్యుమెంట్లన్నిటిలో’ అన్నది అబద్ధం. ‘వెతుకుతుంది’ సరే, ఎలా? మాటకి మాట కలిపా, అర్థాన్ని బట్టా? మొదటిదైతే టికెట్ నంబర్ ఇస్తే పట్టుకుంటుంది. రెండోదైతే ఆ నంబర్‌కి పోలిక ఉన్నదేదో తెచ్చిపెడుతుంది. మాది రెండోది. ఆ ముక్క ఎక్కడా చెప్పలేదు.

మన కవితా సంపుటాల ముందుమాటలు గుర్తొచ్చాయి. కవి ఆర్ద్రత గురించి రెండు పేజీలు ఉంటాయి, లోపల ఏముందో ఒక్క ముక్క ఉండదు. లైబ్రరీ కార్డు అలా కాదు. అది పొగడదు. ఏముందో, ఎక్కడుందో చెప్పి తప్పుకుంటుంది. 1931లో మద్రాసు నుంచి రంగనాథన్ ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం గురించే.

తిరగరాశాను: ‘హెచ్చార్, ఐటీ ఫోల్డర్లలోని టెక్స్ట్ ఫైళ్ళలో అర్థాన్ని బట్టి వెతికి, దగ్గరగా ఉన్న అయిదు భాగాల్ని ఫైలు పేర్లతో ఇస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఇందులో రావు. జవాబు కనపడకపోతే ఆ విషయం లేదని చెప్పొద్దు, హెచ్చార్‌ని అడగమను. టికెట్ నంబర్లకి వాడొద్దు.’

స్కాన్లు చదివే ఏర్పాటు రెండు నెలల తర్వాత గానీ కుదరలేదు. ఆ రెండు నెలలూ టూల్ పాతదే, మారింది వివరణే. ఏజెంట్ మాత్రం ‘నాకు దొరకలేదు, స్కాన్ కాగితాలు నాకు కనపడవు’ అనడం మొదలుపెట్టింది.

అలాగని పొడుగంతా మంచిదని కాదు. ఇచ్చిన టూల్స్ అన్నిటి వివరణలూ మోడల్ ఒకేసారి మోయాలి, ఎక్కువైతే అసలు ప్రశ్నకి చోటు తగ్గుతుంది. ‘ఎప్పుడూ ముందు నన్నే వాడు’ అని డప్పు కొట్టుకునే వివరణ పక్క టూల్ పని చెడగొడుతుంది. వివరణలోనే దొంగ ఆదేశాలు దాచి మోడల్‌ని దారి తప్పించొచ్చని 2025లో సెక్యూరిటీ పరిశోధకులు చూపించారు కూడా. నమ్మే పాఠకుడు దొరికితే ముందుమాట ఎంత పనైనా చేస్తుంది.

అతనికి విషయమంతా చెప్పాను, వాక్యం నాదేనని కూడా. మిగిలిన సెలవు తర్వాత ఇచ్చారు. ‘పర్లేదన్నా’ అన్నాడు. పర్లేదని నాకు అనిపించలేదు.

కొత్త వివరణలో కూడా ఒక మాట దగ్గర ఆగుతున్నాను. ‘అర్థాన్ని బట్టి’ అని రాశాను. లోపల జరిగేది వాక్యాల్ని అంకెలుగా మార్చి, ఏది దేనికి దగ్గరో కొలవడం. దాన్ని అర్థం అనొచ్చా? ఇంతకన్నా సరైన మాట మీకు తడితే చెప్పండి, మారుస్తాను.