ఆరోగ్య యాప్‌లు: వస్తువు, రూపం, పాఠకురాలు

వస్తువు ముందా, రూపం ముందా అన్న చర్చ మన పత్రికల్లో చాలాకాలం సాగింది. దాన్ని కథలకూ కవితలకూ పరిమితం చేయనవసరం లేదని నా అభిప్రాయం. ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు హెచ్ఐవి సోకకుండా చూసేందుకు సెల్‌ఫోన్ యాప్‌లు తయారుచేసే ప్రయత్నాలు అనేక దేశాల్లో జరుగుతున్నాయి. యాప్ కూడా ఒక రచనే. దానికీ ఒక పాఠకురాలు ఉంటుంది. అరకు, పాడేరు కొండల్లో ఆమె ఎవరు?

మొదటి తెర చూడండి. లింగం అన్నచోట పురుషుడు, స్త్రీ, ఇతరులు అని మూడు గళ్లుండటం మామూలు. తమ లింగమేదో తామే చెప్పుకునే హక్కు వీరికుందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా మనిషిని ‘ఇతరులు’ అని పలకరించే రచన, రెండో తెరలో ఎంత మంచి సలహా చెప్పినా వినేదెవరు? ఇక అధికార పరిభాషలో వీరు ‘హై రిస్క్ గ్రూప్’. ఇంటినుంచి వెళ్లగొట్టడంలో, పని దొరక్కపోవడంలో, కండోమ్ వాడమని అడగలేని నిస్సహాయతలో ఉన్న ప్రమాదాన్ని ఆ మాట మనిషికే అంటగట్టింది. ‘కోథీ’ కూడా అదే పరిభాషలోది. దాన్ని యథాతథంగా తెలుగులో అచ్చువేస్తే మా ఆరో తరగతి పిల్లవాడికి ఏ జంతువు గుర్తొస్తుందో చెప్పనక్కరలేదు!

తెలుగులో మాటల్లేవనేవారు ఎ. రేవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’ చదవాలి. ఆ అనువాదానికే పి. సత్యవతికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇంగ్లీషు ప్రతి మీదుగా వచ్చినా అందులో ‘నేను’ అని మాట్లాడే మనిషి ఉంది. ఆరోగ్య ప్రచారంలో వినిపించేది ‘మీరు ఇలా చేయరాదు’ అనే గొంతు.

కొండల్లో తెలుగొక్కటే చాలదు. కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇళ్లలో తెలుగు బడి భాష, సంత భాష. ఈ భాషల్లో తెలుగు లిపితో పిల్లల వాచకాలు ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చాయి. బడి మానేసిన పెద్దలకు మాత్రం అక్షరంకన్నా గొంతే దగ్గర. కాబట్టి మాటలు రికార్డుచేసి వినిపించాలంటాం. కాని ఇంటికంతటికీ ఒకటే ఫోనైతే ఆ గొంతు ఎవరి చెవిన పడుతుంది? తెరమీద హెచ్ఐవి అని వెలిగిన ఒక్క సందేశం చాలు, ఆమెకు ఇల్లు లేకుండా పోవడానికి. అంగీకారం లేకుండా ఒకరి హెచ్ఐవి స్థితిని బయటపెట్టరాదని 2017 చట్టం చెబుతోంది. యాప్‌కు పెట్టే పేరు, బొమ్మ, సందేశం వచ్చే తీరు, విన్న వెంటనే చెరిగిపోయే ఏర్పాటు, సిగ్నల్ లేనిచోట పనిచేయడం—ఇవన్నీ ఇక్కడ రూపానికి సంబంధించిన సంగతులే. వస్తువు బతికేదీ చచ్చేదీ వీటిమీదే.

పరీక్ష చేయించుకోమంటే ఎక్కడికెళ్లాలి? ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే నడిపిన మిత్ర్ క్లినిక్ 2021లో హైదరాబాదులో మొదలైంది. అమెరికా సాయం ఆగగానే 2025లో మూతపడింది. మరో పేరుతో తిరిగి తెరిచారు గాని, హైదరాబాదులోనే అంత అస్థిరమైతే డోలీ మీద రోగిని మోసే కొండల మాటేమిటి?

మన సంఘం ఒక అనువాద శిబిరం పెట్టి ఈ పదజాలాన్ని చర్చకు తీసుకోవాలి. హిజ్రాలనూ ట్రాన్స్‌జెండర్ స్త్రీలనూ దానికి సంపాదకులుగా పిలవాలి. వారు కొట్టేసిన మాటను తిరిగి చేర్చే అధికారం మనకు ఉండకూడదు.